నోటి మీద వేలు

హలో… ఆ, నేనే అక్కా, నిరుపమని… బావగారు ఇందాకే చెప్పారు, బాబని. ఈయనా నేనూ వంటింట్లో గెంతులేశాం… నువ్వెలా ఉన్నావు?… కుట్లు లాగుతున్నాయా… ఎక్కువ మాట్లాడకు మరి, పడుకో.

అక్షరా?… బావుంది. పెరట్లో రాలిన ఫీజోవా పళ్ళన్నీ ఏరి బకెట్ నింపింది. నీకోసమే దాచింది, ఎంత ముద్దుగా—

ఇప్పుడా?… నిద్రపోతోందక్కా…

టీవీనా… నేనే చూస్తున్నా…

కార్టూనే. అవును.

అక్కా… కంగారు పడనంటే ఒకటి చెప్తాను… జ్వరం కాదు. ఒళ్ళు చల్లగానే ఉంది…

మాట్లాడట్లేదు. ఎవరితోనూ. మొన్న సాయంత్రం నుంచి ఒక్క మాట లేదు.

నావల్లే.

నువ్వు హాస్పిటల్‌కి వెళ్ళిన రోజు, 'మమ్మీ గోడ్ ఇన్ ద కార్' అంది. గోడ్ కాదమ్మా, వెంట్ అన్నాను. తర్వాత 'టూ ఫూట్స్' అంది, 'మౌసెస్' అంది… తెలుసక్కా, ఈ దేశంలోనే పుట్టింది, ఇంగ్లీషే దాని భాష. కానీ నేను ఎమ్మే ఇంగ్లీషు కదా, ఊరుకోలేకపోయాను. నువ్వొచ్చేలోగా చక్కగా మాట్లాడించి, నిన్ను ఆశ్చర్యపరుద్దామనుకున్నా…

ఎలా అంటే… మా కాన్వెంట్‌లో తప్పు మాట్లాడితే నోటి మీద వేలు పెట్టుకుని నిలబడాలి, సిస్టర్ తీయమనేదాకా. అదే ఆటగా నేర్పాను… కొట్టలేదక్కా. ఒట్టు. నవ్వుతూనే ఆడింది.

మొన్న ఫ్రిజ్ పక్కన నిలబెట్టాను. అంతలో ఈయన కారు తెచ్చారు. సెకండ్ హ్యాండే, కానీ మా మొదటి కారు… వాకిట్లోకి పరిగెత్తాను. లోపల కూర్చుని, హారన్ కొట్టి, అద్దాలు దించి, ఎక్కించి…

అరగంటక్కా. వచ్చేసరికి అక్కడే ఉంది. వేలు అలాగే ఉంది. తీయమనడం మర్చిపోయాను.

వేలైతే తీసింది. మాటే రాలేదు. నిన్న మెట్టు మీద పడి మోకాలు గీరుకుంది… చిన్నదే, మందు రాశాను. ఏడ్చిందక్కా, చప్పుడు లేకుండా. ఇలాగే ఉండిపోతే?…

తిట్టు. ఊరుకోకు, తిట్టక్కా…

ఏమిటీ?… కిండీ బళ్ళో చిన్నపిల్లలందరూ అలాగే అంటారా… టీచర్లు దిద్దరా?… వాళ్ళంతట వాళ్ళకే వచ్చేస్తుందా. నాకు తెలీలేదే…

ఇస్తాను, ఉండు… అక్షరా, అమ్మరా. విను… అక్కా, చెవికి పెట్టాను, మాట్లాడు.

…

నేనే మళ్ళీ. ఏమన్నా అందా?… లేదు కదూ. పెదవులు కదిలాయి. నావైపు చూసి ఆపేసింది…

ఇంకోసారా?… పెట్టానుగా. నన్నే చూస్తోందక్కా…

నేనా?…

సరే… సరే అక్కా, బయటికి వెళ్తాను. తలుపు కూడా వేస్తాను.

ఇదిగో అక్షరా, నువ్వే పట్టుకో. అమ్మతో ఏదైనా చెప్పు, ఎలాగైనా చెప్పు. పిన్ని వినదు.