గిద్యోను పిల్లలకి తెచ్చిన బాతు

గిద్యోను చెడ్డోడు కాదండీ, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, తరవాత మీరు తిట్టుకుంటారని. తాగడు, పెళ్ళాం మీద చెయ్యెత్తడు, కోతలకెళితే ఇద్దరి పని ఒక్కడే చేస్తాడు. ఉన్న రోగమల్లా ఒకటే, పిల్లలు ఏదడిగితే అది తెస్తానంటాడు. వాళ్ళ మొహం చూసేసరికి కాదనడానికి నోరు రాదంట. మాటలు కోటలు దాటతాయి, చేతలు గడప దాటవంటారు చూడండి, అదీ. కాలవ గట్టు మీద పేట ఉంది కదా, చర్చి దాటేక ఆఖరిల్లు వాళ్ళది. పెళ్ళాం రాహేలు, కూతురు సలోమి, దాని వెనకాల తోకలాగా తిమోతిగాడు. ఒక క్రిస్మస్‌కి సైకిలు తెస్తానన్నాడు, తేలేదు. ఇంకో క్రిస్మస్‌కి మెరుపుల గౌనన్నాడు, ఆ పిల్ల పాత గౌనే తొడుక్కుని చర్చికెళ్ళింది. అలాగని అబద్ధాలకోరు కాదండి, తెస్తానన్నప్పుడు నిజంగానే తేవాలనుకుంటాడు. ఆ అనుకోడం దగ్గిరే ఆగిపోద్ది. పిల్లలు మాత్రం అడగడం మానలేదు. ఏటేటా అడగడమే, ఏటేటా వీధిగుమ్మంలో కూచుని ఎదురుచూడ్డమే. తండ్రంటే అంత నమ్మకం అనుకోండి.

ఆ ఏడు ఏమైందంటే, పాస్టరు గారింట్లో కుక్క పిల్లల్ని పెట్టింది. ఇంక ఈ పిల్లలిద్దరూ ఆదివారం బడి అవ్వగానే ఆ కుక్కపిల్లల దగ్గిరే కూచోడం, ఇంటికి రమ్మన్నా రాకపోడం. ఓ సాయంత్రం సలోమి తండ్రి దగ్గిరికొచ్చి, నాన్నా ఈసారి మాకు సైకిలూ వద్దు గౌనూ వద్దు, పెంచుకోడానికి ఏదైనా తీసుకురా, ఊపిరున్నది తీసుకురా అందంట. రాహేలు పొయ్యి దగ్గిర్నించే అరిచింది, వద్దయ్యా, నీకు దణ్ణం పెడతాను, ఈసారైనా నోరు కట్టుకో, తేలేనంటే ఒక్కపూట ఏడుస్తారు, తెస్తానని తేకపోతే పండగంతా ఏడుస్తారు అని. వింటాడా? "తెస్తానమ్మా, యేసయ్య తోడు" అన్నాడంట. ఒట్టు కూడా పెట్టేసేడు. రాహేలు నెత్తి కొట్టుకుంది.

మర్నాడే పాస్టరు గారింటికెళ్ళేడు. పాస్టరమ్మ గారు, అయ్యో గిద్యోనూ, అన్నిటికీ మాటిచ్చేసేం కదా, ఒక్కటీ మిగల్లేదు అంది. అప్పుడు పొలాల మీద పడి వస్తున్నాడండి, తల కిందికేసుకుని. సార్వా వరి కోతలయ్యి చేలు ఖాళీగా ఉన్నాయి, బాతులోళ్ళు దిగేరు. మీకు తెలిసిందే కదా, నెల్లూరు వైపు నించి ఏటా వస్తారు, వేలకి వేలు బాతుల్ని తోలుకుంటూ, రాలిన గింజలూ నత్తలూ తినిపిచ్చుకుంటూ ఊరూరూ తిరుగుతారు. వాళ్ళలో ఓ ముసలాయన గట్టు మీద కూచుని ఉన్నాడు, పక్కన బుట్టలో ఒక పిల్లబాతు. ఏంటి పెద్దాయనా, దాన్ని వేరుగా పెట్టేవ్ అనడిగేడు గిద్యోను. "మంద తొక్కిళ్ళో ఎడం కాలు విరిగిందయ్యా. నడవలేదు. నడవలేంది మందలో బతకదు" అన్నాడంట ఆయన. నాకిచ్చెయ్ పెద్దాయనా, మా పిల్లలు పెంచుకుంటారు అన్నాడు. ఆయన అలా చూసి చూసి, "కోసుకోనంటే పట్టకపో. ఊరికే ఇస్తున్నా. ఒక్కమాట ఇను. కాలు బాగయ్యాక దీన్ని మందలోకి రానీబాక. బాతుకి మంద కనపడిందంటే పెంచినోళ్ళు గుర్తుండరు" అన్నాడంట.

గిద్యోను ఇంటికొచ్చిన సంబరం చెప్పలేనండి. పండక్కింకా రోజులున్నాయి, కానీ ఊపిరున్నదాన్ని ఎక్కడ దాస్తాడు? ఇదిగో అమ్మా మీ క్రిస్మస్ కానుక, ముందే వచ్చేసింది అని చేతిలో పెట్టేడు. కుక్కపిల్లని అడిగినోళ్ళు బాతుని చూసి ఏడుస్తారనుకుంది రాహేలు. ఏడుపా! తిమోతిగాడు వీధంతా పరిగెట్టేడు, మా నాన్న తెచ్చేడు, మా నాన్న నిజంగా తెచ్చేడు అని. ఆ మాట వినేసరికి గిద్యోనుకి కళ్ళమ్మట నీళ్ళొచ్చేయంట. సలోమి ఏం చేసిందంటే, చీపురు లోంచి ఈనెలు తీసి, పాత చీర పీలిక చింపి ఆ కాలికి కట్టు కట్టింది. పొద్దున్నా సాయంత్రం ఆముదం రాసేది. కాలవలోకి దిగి నత్తలు ఏరుకొచ్చేది. ఆదివారం బడిలో చేప కడుపులోంచి బయటపడ్డ ప్రవక్త కథ చెప్పేరంట, ఇదీ అలాగే చావులోంచి బయటపడిందని యోనా అని పేరెట్టేరు. యోనా అంటే కువక్ అనేది. యోనా అనకపోయినా అనేదనుకోండి, కానీ ఆ పిల్లలకి చెప్పకండి. పండగ దగ్గిర పడేసరికి ఆ కాలు అతుక్కుంది. అతుక్కోడమంటే మామూలుగా కాదు, ఏ కాలు విరిగిందో చెప్పలేనంతగా అతుక్కుంది. గిద్యోనయితే పేటలో ఎవరు కనపడినా సరే, మా పిల్ల డాట్రండీ, మా పిల్ల చేతిలో మహిముంది అనడమే.

క్రిస్మస్ వచ్చింది. చర్చికెళ్ళేరు, భోజనాలయ్యేయి. బాతులాయన మంద మళ్ళీ మన చేల్లోకి వచ్చిందని ఎవరో అన్నారు. సలోమి, నాన్నా ఆ తాతకి నాలుగు అరిసెలు ఇచ్చొద్దాం, పండక్కి ఇంటికి దూరంగా ఉన్నాడు కదా అంది. మంచి పిల్ల. అక్కడితో ఊరుకుంటే కథే లేదు. మన గిద్యోనుకి గొప్ప చూపించుకోవాలని బుద్ధి పుట్టింది. యోనాని కూడా తీసుకెళదాం, నడవలేదన్నాడుగా, నడిపిచ్చి చూపిద్దాం అన్నాడు. రాహేలు, వద్దన్నాడు కదయ్యా ఆయన, మందలోకి రానివ్వద్దని అంది. చంకలో ఉంటదే, ఎక్కడికి పోద్ది అన్నాడు. పోనీ కాలికి ఓ ఎర్ర పీలికైనా కట్టనీ నాన్నా అంది సలోమి. మన బాతు మనకి తెలీదేంటమ్మా, మందలో ఉన్నా నేను కళ్ళు మూసుకుని పడతాను అన్నాడంట. అదండి నోరంటే.

వెళ్ళేరు. ముసలాయన అరిసె తిన్నాడు, పిల్లల తల నిమిరేడు. బాతుని చూసి, కాలు పట్టుకు చూసి, బాగైందే అన్నాడు. చేత్తో పట్టుకుంటే ఏం తెలుస్తాది పెద్దాయనా, నడక చూడు అని గిద్యోను యోనాని కింద దింపేడు. ముసలాయన దించబాకయ్యా అనేలోపే దింపేడు. యోనా నడిచిందండి. ఎంత బాగా నడిచిందనుకున్నారు! సలోమి చప్పట్లు కొట్టింది కూడా. అది నడుచుకుంటూ నడుచుకుంటూ గట్టు దిగి, చేలోకి దిగి, మందలోకెళ్ళిపోయింది. అంతే. మీ ఇంట్లో బియ్యంలో ఒక గింజ వేసి కలిపెయ్యండి, ఆ గింజని మళ్ళీ తియ్యండి చూద్దాం. సలోమి "యోనా, యోనా" అని పిలిచింది. మొత్తం మందంతా తలెత్తి చూసింది, చూసి అవతలి చేలోకి నడిచిపోయింది. గిద్యోను చొక్కా విప్పి బురదలో పడి, ఇదా, కాదు, ఇదా, కాదు. అన్నీ అదే గోధుమరంగు, అదే ముక్కు, అదే నడక. ముసలాయన పాపం బాధపడ్డాడు. "కుంటిదయ్యుంటే ఇట్టే పట్టిచ్చేవోణ్ణి తల్లీ. బాగు చేసేసినావు, ఏం చేసేది. ఏదో ఒకటి పట్టకపో" అన్నాడు. సలోమి, ఏదో ఒకటి వద్దు తాతా అంది. ఇంటికొచ్చి పిల్లలిద్దరూ రాత్రికి పండగ కూడు ముట్టలేదు. చాపమీద గోడవైపు తిరిగి పడుకున్నారు. రాహేలు ఆ కూడు మళ్ళీ గిన్నెలోకి తీసేసి మూత పెట్టేసిందండి. తిట్టినా బాగుండును.

మర్నాడు పొద్దున్నే మంద కదిలిపోయింది. గిద్యోను దాని వెనకాలే పోయేడు. ఆ ఊరు దాటి, పై ఊరు దాటి, పొద్దెక్కే వరకూ నడిచి పట్టుకున్నాడు. ముసలాయన్ని అడిగి ఓ బాతుని తీసుకున్నాడు, అచ్చం యోనాలా ఉన్నదాన్ని. చంకలో పెట్టుకుని తిరిగొస్తున్నాడా, దార్లో బుర్ర పనిచెయ్యడం మొదలెట్టింది. ఇదే యోనా అంటే సలోమి నమ్ముద్దా? అంత మందలో ఎలా పోల్చేవు నాన్నా అంటే ఏం చెప్పాలి? నడిచాడు, ఆలోచించేడు. నడిచాడు, ఆలోచించేడు. మంద తొక్కిళ్ళో మళ్ళీ కాలు విరిగింది, కుంటుతూ వెనకబడింది, అందుకే దొరికింది అని చెబితే? నమ్ముతారు. తప్పకుండా నమ్ముతారు. అమ్మా, మీరలా చూడకండి నన్ను, చేసింది నేను కాదు. వాడు కాలవ గట్టున కూచున్నాడంట. బాతు గుండె వాడి అరచేతిలో టకటకా కొట్టుకుంటుందంట. "ప్రభువా, కాసేపు అటు చూడు" అన్నాడంట. అని, కాలు విరిచేడు. పుల్ల విరిచినంత చప్పుడు కూడా రాలేదు. బాతు మాత్రం అరిచింది. వాడూ ఏడ్చేడు. బాతుని గుండెలకి పెట్టుకుని, నా పిల్లల కోసమే, నా పిల్లల కోసమే అని దానికి చెప్పుకుంటూ వచ్చేడంట ఇంటిదాకా.

ఇదిగో యోనా దొరికింది అన్నాడు గుమ్మంలోంచే. అనుకున్న కథంతా చెప్పేడు, తొక్కిడని, వెనకబడిందని. పిల్లలు లేచొచ్చేరు. సలోమి బాతుని ఒళ్ళోకి తీసుకుని ఆ కాలు చూసింది. అలా చూస్తానే ఉంది. తిమోతిగాడు చిన్నోడు కదా, వాడికేం తెలుసు, "నాన్నా, యోనాది ఎడం కాలు కదా? ఇది కుడికాలు" అన్నాడు. గిద్యోనుకి నెత్తిన పిడుగు పడ్డట్టయింది. ముసలాయన ఆ రోజు చెప్పేడు ఎడం కాలని, కానీ కట్టు కట్టిందీ ఆముదం రాసిందీ ఆ పిల్ల, వీడు పేటలో గొప్పలు చెప్పుకోడమే గాని ఆ కాలు ఎప్పుడైనా చేత్తో పట్టుకున్నాడా? జన్మలో మొదటిసారి వాడి నోట మాట రాలేదండి. అప్పుడు సలోమి తమ్ముడి మీద కసిరింది. "కాదురా, కుడికాలే. కట్టు కట్టింది నువ్వా నేనా? నువ్వు మర్చిపోయేవు" అంది. తండ్రి మొహంకేసి చూళ్ళేదు. చీపురు దగ్గిరికెళ్ళి ఈనెలు తీసుకుంది.

ఆ తరవాత ఏం జరిగిందని చెప్పను. ఆ పిల్ల దానికి మేత పెట్టింది, ఆముదం రాసింది, అన్నీ చేసింది. యోనా అని మాత్రం ఒక్కసారీ పిలవలేదంట. పై ఏడు క్రిస్మస్ దగ్గిరపడింది. గిద్యోను ఎదురు చూసేడు, అడుగుతారని. అడగలేదు. పోనీ తనే అడిగేడు, ఏం తెమ్మంటావు తల్లీ అని. "ఏం వద్దు నాన్నా, మాకన్నీ ఉన్నాయి కదా" అంది, నవ్వుతూనే అంది. తిమోతిగాడు అక్కకేసి చూసి, నాకూ వద్దు అన్నాడు. ఆ పై ఏడూ అంతే, ఆ పై ఏడూ అంతే. చూడండి మరి, మాట తప్పినన్నాళ్ళూ అడిగేరు, ఒక్కసారి తెచ్చేక అడగడం మానేసేరు. పిల్లలు అబద్ధమాడితే మందలిస్తాం. మన పరువు కోసం ఆడితే ఎవర్ని మందలించాలి?

ఏంటమ్మా? బాతేమైందా? బాతుకేం, బతికింది. కుంటుకుంటూనే తిరిగింది, గుడ్లు కూడా పెట్టింది. ఈ కథ ఎక్కడ చెప్పినా అందరూ బాతేమైందనే అడుగుతారు. గిద్యోను ఏమయ్యేడని అడిగినోళ్ళు ఇంతవరకూ లేరు.