వల లేకుండా వల లాగుడు

హలో… ఆ, నానే కోటి బావా, ఎల్లారావుని… నంబరు అదే, గొంతే పోయింది. పొద్దున్నించీ అరుత్తన్నాను గదా.

ఎవుడి మీదా? ఆ సుందర్ రాజ్ మీద! నా కొంప ముంచీసేడు బావా… అదే, చర్చి పెద్దమనిషి. రిటైరయ్యాక కూకోనేక, యారాడ బీచిలో ముసిలోళ్లకి సైనావోళ్ల కసరత్తు నేర్పుతన్నాడు కాదా. సీగాంగో ఏదో…

— ఆ, అదే. సేతులు మెల్లగా లేపడం, మెల్లగా దించడం, ఊపిరి పీల్చడం, ఒదలడం. ఊపిరికి కూడా మాస్టారు కావాలేటి! నాను అయిదో క్లాసు తప్పినోన్ని, ఏ మాస్టారూ నేకండానే పీలుత్తన్నాను.

ఆ గోలేటి? హార్బర్లో సేపల వేలమా?… ఐసు ఫ్యాక్టరీ ఎనక్కి రా, ఇనబడ్డం నేదు… ఆ. ఇప్పుడిను.

తప్పు నాదేనా?… సగం నాదే అనుకో. మా అయ్య సంగతి నీకు తెలీదా? పొద్దు లేత్తే సముద్రం ఎదర మన స్థలంలో, బోర్లేసిన తెప్ప మీద కూకుంటాడు. మోకాళ్లు పట్టీసి కదలడు. కొనేటోన్ని తెచ్చి సూపిద్దామంటే, “ఎవుడ్రా ఈడు?” అని కర్ర ఎత్తుతాడు.

…అవును, అమ్మేద్దామనే! నాకు రాసిత్తానన్నాడు గదా. నడవనేనప్పుడు సెయ్యి పట్టుకు తిప్పింది నానే గదా… మా అప్ప ఒచ్చిందా? నీ పెల్లాం?… సరే, ఒచ్చింది. సేపల పులుసు తెచ్చింది. ఒప్పుకున్నాను.

ఆయన్ని అక్కణ్నించి లేపాల గదా. కసరత్తుకి ఎల్లమంటే, “నానేటి పోలీసోన్నా?” అన్నాడు. అందుకని సిన్న మాటేసేను. “అయ్యా, ఆ ముసిలోళ్లు వల నేకండా వల లాగుతన్నారు. అంతా తప్పే. మనోళ్ల పరువు పోతంది” అన్నాను. అంతే, కర్ర పుచ్చుకుని దిద్దడానికి ఎల్లేడు!

…నవ్వు, నవ్వు. ఎల్లి ఏటన్నాడో తెలుసా? “ఒరే సుందరం, భుజంతో కాదురా, నడుంతో లాగాల. కాళ్లు ఇసకలో పాతు” అన్నాట్ట. ఆ పెద్దమనిషికి రోసం ఒస్తే బాగుణ్ను! “బాగా సెప్పేవు వరహాలన్నా, ముందు నిలబడి నువ్వే సూపించు” అన్నాడు. ఇంకేటుంది? రోజూ దిద్దడానికే ఎల్తన్నాడు. దిద్దీ దిద్దీ మోకాళ్లు సాగిపోనాయి బావా. కర్ర ఒదిలీసేడు. రేత్రి గుర్రెట్టి నిద్రోతన్నాడు. డాక్టరమ్మ బీపీ సూసి, “మాత్రా మానకు, ఇదీ మానకు” అందంట.

— సంతోసమేనయ్యా! అయ్య బాగుంటే నాకు కడుపుమంటా?… కొంచెం.

ఇయ్యాల అర్జునరావుని తెచ్చేను. గోపాలపట్నం ఆయన, కొనేటోడు. “మా అయ్య నా సెయ్యి పట్టుకోందే అడుగెయ్యడు. నా మాటే ఆయన మాట” అని సెప్తన్నాను. సెప్తా ఉండగానే, ఆ ఏటవాలు ఇసకలోంచి దిగుతన్నాడు బావా! ఎవుడి సెయ్యీ నేదు. ఎనకాల పోతమ్మ, గంగరాజు, మొత్తం ముసిలి పటాలం. మన స్థలంలోనే వరసగా నిలబడి సేతులు లేపీసేరు. అర్జునరావు దడుసుకున్నాడు. “ఈళ్లంతా వాటాదారులా?” అన్నాడు.

నానేటి సెప్పను? మా అయ్యే సెప్పేడు. “బాబూ, మీకూ పొట్టొచ్చింది. సివర్న నిలబడండి” అని…

నిలబడ్డాడు బావా! కొనడానికొచ్చినోడు సెప్పులిప్పీసి వల లాగుతన్నాడు!

ఇంక ఆగనేక, “స్థలం ఎప్పుడు రాత్తావయ్యా?” అని అడిగీసేను. ఊపిరి మొత్తం ఒదిలీదాకా నోరిప్పనేదు. ఒదిలీసి, తాపీగా, “రాసీసేన్రా. మొన్న మంగళారం బస్సెక్కి రిజిస్ట్రాఫీసుకి నానే ఎల్లేను” అన్నాడు. ఎవరికంటే సెప్పడు. “మీ బావనడుగు” అన్నాడు. సెప్పు, ఎవరికి?…

గట్టిగా సెప్పు… ఎవరికీ?… మా అప్పకా!… సాచ్చి సంతకం నువ్వెట్టేవా!… ఎట్టీసి, ఇంతసేపూ నాసేత కతంతా సెప్పించుకుని నవ్వుతన్నావా!

…ఏటీ? నానూ పొద్దున్నే ఒచ్చి నిలబడాలా? కోపం తగ్గుద్దా?… నీ కసరత్తు ఏట్లో పడ!

ఒక్క మూలైనా మిగల్నేదా బావా?… మొత్తమా?… రెండున్నర సెంట్లు! యారాడలో, సముద్రం ఎదర, రెండున్నర సెంట్లు!… హలో?… బావా?… హలో?