గంగరాజు గారి దూకుడు జట్టు

కోరుకొండ రోడ్డు మీద అప్పాయమ్మ టీ కొట్టు. వీడియో గేముల షాపు నడిపే బుజ్జిబాబు బెంచీ మీద కూర్చుని, మోకాలి మీద ఒక కాగితం పెట్టుకున్నాడు. పక్కన చిట్టియ్య టీ తాగుతున్నాడు. ఆదివారం కాకినాడలో జంతువుల ఆట పోటీ. ఊరికి ఒకటే జట్టు, కాగితంలో ఒకటే పేరు. అప్పటికే ఊళ్ళో సగం మంది రిటైరైన మార్కండేయులు మాస్టారి పేరు చెప్పేశారు. ఆ మాట చెవినపడి గంగరాజు గారు కండువా దులుపుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చున్నారు.

“ఆగు బుజ్జిబాబూ, ఆ పెన్నుకి మూత పెట్టు. పేరు రాసేముందు మొనగాడెవడో తెలుసుకోవాలా వద్దా? చిట్టియ్యా, నువ్వూ ఇలా జరుగు, నీకీ ఆట తెలీదు కాబట్టి మొదట్నుంచీ చెబుతాను. అరచేతిలో పట్టే మిషన్ అది. లోపల జంతువులుంటాయి, నిప్పు కక్కేదొకటి, మెరుపు వేసేదొకటి, నీళ్ళలో తిరిగేదొకటి. ఆరింటిని ఏరుకుని జట్టు కట్టాలి. అవతలివాడి మిషన్‌కి వైరు తగిలిస్తే నీ ఆరూ వాడి ఆరూ కొట్టుకుంటాయి. నలభై ఏళ్ళు పందెం పుంజుల్ని మేపిన చెయ్యి ఇది, నాకు అదెంత? ఉగాది వెళ్ళిన వారం రాజమండ్రి పోయి సెకండ్ హ్యాండ్‌లో ఒక మిషన్ తెచ్చాను. ఖాళీ మిషన్. లోపల చీమ కూడా లేదు. ఒక్కోదాన్నీ నేనే పట్టాను, నేనే పెంచాను.”

“ఆయ్, ఖాళీదేనాండి?” అన్నాడు బుజ్జిబాబు.

“ఖాళీదే అంటున్నానుగా! మధ్యలో గిల్లకు. ఎర్రదానికి డేగ అని పేరు పెట్టాను, నల్లదానికి కాకి, మెరుపు వేసేదానికి నెమలి. మిగతా మూడింటికీ కూడా పుంజుల పేర్లే. ఆరూ కొట్టేవే. కాచుకునేది ఒక్కటీ లేదు. మందు వేసుకుని తేరుకునేది అసలే లేదు. మన వంతు వచ్చిందంటే కొట్టడమే, రాకపోయినా కొట్టడమే. అదీ జట్టంటే. మీ మాస్టారున్నాడే, ఆయనేం చేస్తాడు? గోడలాంటి జంతువుని ముందు నిలబెట్టి, అవతలిదానికి కాస్త విషం ఎక్కించి, అది నీరసించి పడిపోయేదాకా మూతి తుడుచుకుంటూ కూర్చుంటాడు. అది యుద్ధమా? పింఛను తీసుకోడం!”

చిట్టియ్య పకపకా నవ్వాడు. “అయినా ఆయన్ని ఇంతవరకూ ఎవరూ ఓడించలేదటండి.”

“ఎవడు చెప్పాడు? ఆయనే చెప్పాడు. ఆయన చెబితే ఊరంతా తల ఊపుతుంది. ఆయన ఈ బెంచీ మీద కూర్చుంటే అప్పాయమ్మ గ్లాసు రెండుసార్లు కడుగుతుంది. నేను చూడలేదనుకోకు అప్పాయమ్మా! నాకు ఒక్కసారే. పన్నెండేళ్ళ కిందట రాత్రి బడిలో, పలక మీద నా పేరు వంకరగా రాశానని అందరి ముందూ నా చేతే తుడిపించాడు. ఇరవై మంది నవ్వారు. ఎవరెవరు నవ్వారో వరసగా చెప్పమంటే ఇప్పుడూ చెబుతాను. అందులో నువ్వూ ఉన్నావు చిట్టియ్యా.”

చిట్టియ్య టీ గ్లాసులోకి చూశాడు.

“సరే, అదలా ఉంచు. మొదటి ఆట రాజమండ్రిలోనే, మిషన్ అమ్మిన షాపువాడితో. డేగని వదిలాను. ఒక్క దెబ్బ! వాడి జంతువు పడిపోయింది. ఇది పెద్ద గొప్పేం కాదు, ఎవడైనా చేస్తాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ దెబ్బ చూసి పక్క షాపువాళ్ళు పన్నెండు మంది మిషన్లు పట్టుకుని వరసగా నిలబడ్డారు. పన్నెండు మందికీ పన్నెండు దెబ్బలు. ఇంకో దెబ్బ కొట్టడానికి మనిషి లేక డేగ లోపల రుసరుసలాడుతోంది. మిషన్ చేతిలో పట్టుకోలేకపోయాను, అంత సెగ. పక్కన హోటలు వాడి చెంబు తీసి దానిమీద పెట్టాను. చెంబుడు నీళ్ళు కళపెళా తెర్లాయి.”

“అయ్యో, ఆ మిషన్ ఇక్కడికి తెస్తే నాకు కిరసనాయిలు కలిసొచ్చును కదండీ,” అంది అప్పాయమ్మ.

“తెచ్చాను, జేబులోనే ఉంది. ఇప్పుడు చల్లార్చి పెట్టాను, జనం ఉన్నారని. ఇక కాకినాడ విను. పోయిన నెలలో ఒక చిన్న పోటీ అయింది, మీకెవరికీ చెప్పలేదు, నాకు చెప్పుకునే అలవాటు లేదు. నలభై మంది వచ్చారు. కొందరు మద్రాసు నుంచట. నేను మొదట కాకిని వదిలాను. దానికి ఒక విద్య నేర్పాను, తను పేలిపోయి అవతలిదాన్ని కూడా పట్టుకుపోవడం. ధైర్యం ఉన్నవాడే ఆడే ఎత్తు అది, మాస్టార్లు ఆడేది కాదు. పేలింది! హార్బరులో కట్టేసిన పడవలన్నీ మోకులు తెంపుకుని రోడ్డు మీదకొచ్చి కూర్చున్నాయి. బస్సులు వాటిని చుట్టుకుని వెళ్ళాయి. ఒడ్డున చేపలు కుప్పలు, అన్నీ ఉడికినవే. ఉప్పు సముద్రానిదే సరిపోయింది, చింతపండు ఒక్కటే తక్కువ.”

“మా బావమరిది పోయిన నెలంతా కాకినాడలోనే ఉన్నాడండి. వాడేం చెప్పలేదే?” అన్నాడు బుజ్జిబాబు.

“ఎలా చెబుతాడు? పేలుడు వెనకే నెమలి మెరుపు వేసింది. కాకినాడ కాకినాడంతా మూడు గంటలు కళ్ళు మూసుకుని నిలబడింది. ఆ మెరుపు వైర్లలోకి ఎక్కి ఇక్కడిదాకా వచ్చింది. ఆ వారం మనకి కరెంటు పోలేదు, గుర్తుందా? ఎవరి పుణ్యం అనుకున్నారు?”

“నిజమే, ఆ వారం పోలేదండోయ్,” అన్నాడు చిట్టియ్య.

“అదీ! ఇక ఆఖరి ఆటగాడు మిగిలాడు. వాడిదీ మాస్టారి పద్ధతే, గోడ కట్టడం, విషం పెట్టడం. డేగని చూడగానే ఆ గోడ జంతువు ఏం చేసిందో తెలుసా? తెర మీద నుంచి దూకి, బీచి వెంట పరుగు! డేగ ఊరుకుంటుందా? మిషన్‌లోంచి బయటికొచ్చింది. నేను దాని మెడ పట్టుకుని వేలాడాను. యానాం మీదుగా, రావులపాలెం మీదుగా, కొబ్బరి చెట్ల తలలు కాళ్ళకి తగులుతున్నాయి. పట్టిసీమ దగ్గర ఆ జంతువు గోదాట్లో దూకింది. డేగ ఒక్క ఊపిరి ఊదింది. గోదావరి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుదాకా ఆవిరి! ఇసకలో నడుచుకుంటూ వెళ్ళి, వీరభద్రుడికి దణ్ణం పెట్టుకుని, ఆ జంతువు చెవి పట్టుకుని తెచ్చాను. సాయంత్రానికి ఆవిరంతా వానై పడితేనే మళ్ళీ నది. చెప్పు బుజ్జిబాబూ, ఇలాంటి జట్టు ఈ జిల్లాలో ఇంకోటుందా?”

“లేదండి.”

“ఇలా పెంచినవాడు ఉన్నాడా?”

“లేడండి. అలా పెంచడం మాటలు కాదండి.”

“అయితే రాయి. మీరందరూ సాక్ష్యం. పెంచినవాడి పేరే రాయి!”

“రాస్తానండి. పోటీవాళ్ళు అడిగిందీ అదే. ఏదీ, ఒకసారి మిషన్ ఇవ్వండి,” అంటూ బుజ్జిబాబు చెయ్యి చాపాడు. “ప్రతి జంతువుకీ లోపల ఒక చీటీ ఉంటుందండి. దాన్ని పట్టి పెంచినవాళ్ళ పేరు ఇంగ్లీషులో పడుతుంది. ఎన్ని చేతులు మారినా ఆ పేరు మారదు. అది చూసి రాసుకు రమ్మన్నారు.”

గంగరాజు గారు మిషన్ ఇచ్చారు, కానీ వెంటనే వదల్లేదు. బుజ్జిబాబు మెల్లిగా లాక్కుని, మీట నొక్కి, తెర మీద ఎండ పడకుండా చెయ్యి అడ్డం పెట్టాడు.

“డేగ... మార్కండ్. ఇంగ్లీషులో ఏడక్షరాలకి మించి పట్టవులెండి.” ఇంకోటి నొక్కాడు. “కాకి, మార్కండ్. నెమలి, మార్కండ్.” ఆరూ చూశాడు. “ఇది మాస్టారి పాత మిషన్ కదండీ! ఉగాదికి రాజమండ్రిలో ఇచ్చేసి కొత్తది తెచ్చుకున్నారు.”

చిట్టియ్య తెరలోకి తొంగి చూశాడు.

“అది... అది ఆ జంతువుల ఇంటిపేరు,” అన్నారు గంగరాజు గారు.

“ఆరింటికీ ఒకటేనాండి?” అన్నాడు చిట్టియ్య.

“అన్నదమ్ములు!”

అప్పాయమ్మ గిన్నెలో టీ తిప్పడం ఆపి, చెంపన చెయ్యి పెట్టుకుంది. “ఓరి నాయనో! మార్కండేయులు గారు ఇంత గొప్పవారని నాకింతకాలం తెలీనే తెలీదండి. హార్బరు పడవల మోకులు ఆయన పెంచినదే తెంపిందా, గోదారిని ఆయన పెంచినదే ఆవిరి చేసిందా! ఎంత మెత్తగా ఉంటారండీ పాపం, ఒక్కనాడూ చెప్పుకోలేదు. మీరు కాబట్టి పక్కవాడి గొప్ప ఇంతసేపు నోరారా చెప్పారు.”

బుజ్జిబాబు పెన్ను మూత తీశాడు.