రెక్కలో రంపప్పొట్టు

యుద్ధం వచ్చాక ఇంగ్లండులోని ఆ కుర్చీల కార్ఖానా చెక్క విమానాలు చేస్తోంది. రెక్క అతుకులో సందు పడితే పెద్దాయన జిగురులో రంపప్పొట్టు కలిపి పూడ్చేశాడు. పక్కనే పనిచేస్తున్న కోడలి కంట్లో పడనే పడింది.

“ఎంత నున్నగా వచ్చింది మామయ్యగారూ. శత్రువులు కూడా ముచ్చటపడతారు.”

“ఇన్నేళ్లుగా ఇలాగే పూడుస్తున్నా. ఒక్క కుర్చీ వెనక్కి రాలేదు.”

“ఇదీ రాదులెండి.”

“వెటకారాలొద్దు. సాయంత్రానికి రెక్క పంపాలని పైవాళ్లు ప్రాణం తీస్తున్నారు.”

“పంపండి. మీ అబ్బాయి నడిపేదీ ఇలాంటిదేగా.”

“వాడి విమానం ఇక్కడ చేసింది కాదు.”

“అక్కడా మీలాంటి కుర్చీల మేస్త్రి ఒకాయన ఉండే ఉంటాడు.”

పెద్దాయన ఆ అతుకు మీద వేలు పెట్టి తడిమి చూశాడు.

“ఉలి ఇటివ్వమ్మా. మొత్తం ఊడదీస్తాను.”