మందలో పలికిన జలంధర్

గురువారం సాయంత్రం. అరబ్బుల దేశంలో, కబ్ద్ ఎడారిలోని మేకల కొట్టం. కొట్టం చూసుకునే ముసలి వెంకటి, అతని కోసం పట్నం నుంచి వచ్చిన తెలుగు సంఘం అధ్యక్షుడు జలంధర్.

“బూట్లు తర్వాత తుడుసుకుందువు గని, ముందుగాల కూసో అధ్యక్షా. ఆ తొట్టి మీద కూసో. నీకు కొత్తదేం గాదు.”

“కూసుంట గని కాకా... రేపటి నీ సన్మాన సభ ముచ్చట...”

“శాలువ కొన్నరా? మందంది కొనుమన్న. పొద్దుగాల ఈడ ఒంటెలే వణుకుతున్నయ్.”

“కొన్నం. శుక్రారం శుక్రారం నువ్వు వండిపెట్టిన బువ్వ కాడనే గద మన సంఘం పుట్టింది! నీకు గాక ఎవలికి కప్పుతం?”

“మైకుల చెప్త. నేను వచ్చిన్నాడు ఈడ ఇసుక గూడ లేకుండె. నన్ను పనికి పెట్టుకున్న కఫీలూ నేనూ గంపలతోని మోసి పోసినం.”

“అదే కాకా... హాలు మూడో అంతస్తుల ఉన్నది. నీ మోకాళ్లేమో...”

“లిఫ్టు లేదా?”

“ఉన్నది. ఖరాబైతదేమో.”

“రేపు ఖరాబయ్యే లిఫ్టు నీకు ఇయ్యాల్నే ఎర్కయిందా! అసలు సంగతి చెప్పురా.”

“రాజగంగారాం బావ వస్తుండు. వాళ్ల పిలగానికి మా బిడ్డ భాగ్యలతను అడుగుతుండ్రు. పెద్ద కంపెనీల సూపర్‌వైజర్ ఆయన. నీకు మైకిస్తే... నువ్వు ముచ్చట్లు చెప్తవు.”

“ఏ ముచ్చట? ఒంటె నన్ను మింగి, రుచి లేదని ఉమ్మేసిందా?”

“అది గాదు.”

“ఓ... ఈ దేశంల ఉండనిచ్చే ఇఖామా కాయితం లేక నువ్వు నా మందల దాసుకున్నదా?”

“మెల్లగ! బయట నా కారు డ్రైవర్ ఇంటడు.”

“పోలీసులచ్చిరి. నువ్వు గొర్రెతోలు కప్పుకొని మందల పంటివి. నా మేకలకు అన్నీ మనూరోళ్ల పేర్లే గద! ‘ఓ జలంధర్, ఇటు రా’ అని నేను మేకపోతును పిలిస్తే, ‘వస్తున్న కాకా’ అని నువ్వు పలికితివి!”

“కాకా...”

“తెలుగు మాట్లాడే మేక అన్న. పోలీసాయన బూట్లు ఈడనే ఇడిసి ఉరికిండు!”

“నీ ఉప్పు తిన్న కాకా. మర్వలే. గని మేకలల్ల పన్నోని బిడ్డ అంటే, సంబంధం...”

“మరి శాలువ?”

“శనివారం నేనే తెచ్చి... ఈడ... కప్పుత.”

“మేకల ముంగటనా?”

“ఈడైతే ఎవలు సూడరు గద కాకా.”

“తల ఎత్తురా. రానుతియ్. మోకాళ్లు నొస్తున్నయని చెప్పు.”

“కాళ్లు మొక్కుత కాకా.”

“వద్దు, పెంటికలున్నయ్. ప్యాంటు ఖరాబైతది.”

“ఒక్క మాట ఇయ్యి. బావకు ఎన్నడూ చెప్పనని.”

“పొద్దుగాల ఆయన గూడ మాట ఇయ్యమన్నడు.”

“ఎవలు?”

“మీ రాజగంగారామే. గదే తొట్టి మీద కూసొని, గిట్లనే బూట్లు తుడుసుకున్నడు. లిఫ్టు ఖరాబైందన్నడు. నీకన్న ముందు ఆ తోలు కప్పుకున్నది తనేనని జలంధర్‌కు మాత్రం చెప్పద్దన్నడు.”