సుల్తానాబాద్ బస్సులో ఒక సీటు

1992 ఆగస్టు 3వ తేదీన ఆదిలాబాద్‌లోని మా సంస్థ పాలిటెక్నిక్‌లో ఉపన్యాసకులుగా చేరిన శ్రీ కొలుగూరి ఆశీర్వాదం గారు, ఈ నెలాఖరున కరీంనగర్ ఇంజినీరింగ్ కళాశాల ఆచార్యులుగా పదవీ విరమణ చేస్తున్నారు. వేదిక మీద తనను పొగిడితే తల ఎత్తని మనిషి కనుక, చెప్పదలచిన నాలుగు మాటలూ ముందే అచ్చు వేయించాం.

ఆదిలాబాద్‌లో పత్తి కాలమంతా జిన్నింగు మిల్లుల ముందు బండ్లు బారులు తీరి, బస్సులు కదలక, పిల్లలు పరీక్షలకు ఆలస్యంగా రావడం కళ్లారా చూసిన ఆయనలో, రాకపోకల పరిశోధన మన విద్యార్థుల చేత మన దారుల మీదనే జరగాలన్న సంకల్పం బలంగా నాటుకుంది. 2008లో మా సంస్థవారిదే అయిన కరీంనగర్ కళాశాలకు బదిలీ అయ్యాక ఎన్ని కంపెనీల గడపలు తొక్కారో! ఎట్టకేలకు హైదరాబాద్ వాహన సంస్థ ఒకటి ముందుకొచ్చి, పెద్దపల్లి–కరీంనగర్ దారిలో తిప్పదలచిన తమ చిన్న బస్సులలో ఖాళీ సీట్లను కెమెరాతో గుర్తించే బాధ్యతను మన విద్యార్థులకు అప్పగించింది. బస్సు నిండితే డ్రైవరు ముందు ఎర్రదీపం వెలుగుతుంది, ఇక దారిలో ఆగనక్కరలేదు. ఇది నెగ్గితే ఇందుకోసం ఆయన కళాశాలలో పెట్టిన ప్రయోగశాల నిలుస్తుంది, కెమెరా పని చేస్తున్న విద్యార్థిని అలేఖ్యకూ ఆమె ముగ్గురు సహాధ్యాయులకూ అదే సంస్థలో ఉద్యోగాలు ఖాయం. ఆయన సతీమణి రిబ్కమ్మ గారు సుల్తానాబాద్ చర్చిలో ఈ పిల్లల పేర్లు చెప్పి మరీ ప్రార్థన చేయించారు.

నిరుడు మార్చిలో పరీక్షా ప్రయాణం. కంపెనీ అధికారులతో పాటు పెద్దపల్లిలో ఎక్కిన ఆశీర్వాదం గారు, సుల్తానాబాద్‌లో ఎక్కబోయే రిబ్కమ్మ గారి కోసం పక్క సీటు మీద తువ్వాల వేశారు. అక్కడే ఎక్కే తమవాళ్ల కోసం మరికొందరూ వేశారు. తువ్వాల పడిన సీటు జోలికి మన దగ్గర ఎవరూ పోరు కదా, కెమెరా కూడా వాటిని నిండిన సీట్లుగానే లెక్కగట్టింది. ఎర్రదీపం వెలిగింది. సుల్తానాబాద్‌కు ముందే, ఒక చిన్న పల్లె దగ్గర చెయ్యెత్తిన ముసలమ్మను దాటి బస్సు సాగిపోయింది. కిటికీలోంచి ఆ చెయ్యి చూసి, పక్కనున్న తన తువ్వాల చూసుకుని, "ఆపుండ్రి! సీటు ఖాలీ ఉన్నది!" అని ఆయన అరిచేసరికే చాలా దూరం వచ్చేశారు. వెనక్కి తిప్పడానికి అధికారులు ఒప్పుకోలేదు.

ఆమె పేరు ఐలవ్వ. డయాలసిస్ కోసం కరీంనగర్ బయలుదేరిన తల్లి. మరో బస్సు దొరికి ఆసుపత్రి చేరేసరికి ఆమె వంతు దాటిపోయింది. ఆ తర్వాత ఇక కోలుకోలేదు, వారం తిరగకముందే కన్నుమూసింది.

విద్యార్థులను వెంటబెట్టుకుని ఆశీర్వాదం గారు ఆ ఇంటికి వెళ్లి, జరిగిందంతా స్వయంగా చెప్పారు. ఐలవ్వ కొడుకు రాయమల్లు కోప్పడలేదు, కోప్పడినా బాగుండేది. "సీటు లేకుంటె లేకపాయె సారూ, మా అవ్వ నిలవడైనా వస్తుండె గద. జర ఆపితె అయిపోతుండె," అన్నాడు.

తప్పంతా ప్రయాణికుల దురలవాటుదేనని నివేదిక ఇస్తే ఒప్పందం కొనసాగిస్తామన్నది కంపెనీ. "అండ్ల ఒక తువ్వాల నాదే. చిన్నప్పటిసంది ఏస్తున్న. గా సంగతి కెమెరాకు నేర్పుడు మర్సింది మేము, జనం గాదు," అని ఆయన నిరాకరించారు. పక్కనే ఉన్న అలేఖ్య కళ్లనీళ్లు తుడుచుకుంటూ, "సారు చెప్పిందే నిజం," అన్నది. అంతే, కంపెనీ వెళ్లిపోయింది, ఉద్యోగాలు పోయాయి, ప్రయోగశాలకు తాళం పడింది. అలేఖ్య ఇంకా ఉద్యోగం వెతుక్కుంటూనే ఉంది. ఆ మాట వచ్చినప్పుడల్లా మేము ఆయన ముఖం చూడలేం.

ఆనాటి నుండి ఆశీర్వాదం గారు బస్సులో కూర్చోరు. మోకాళ్ల నొప్పులతో, కడ్డీ పట్టుకుని, సుల్తానాబాద్ నుండి కరీంనగర్ దాకా నిలబడే వస్తారు. మేము లేవబోతే, "కూసోండ్రి, నాకేం ఫికర్ లేదు," అంటారు. ఇంత పెద్దమనిషికి ఇంత మొండితనమా అని మాకు కోపమూ వస్తుంది, ఏడుపూ వస్తుంది.

ఆశీర్వాదం గారూ, మీకూ రిబ్కమ్మ గారికీ నిండు ఆరోగ్యం, దీర్ఘాయువు, మనశ్శాంతి కలగాలని మనసారా కోరుకుంటున్నాం. సన్మానం ముగిశాక సాయంత్రం బస్సులో కిటికీ పక్కన రెండు సీట్ల మీద తువ్వాలలు ఉంటాయి, అలేఖ్య ముందే పోయి వేస్తానన్నది. దారిలో చెయ్యెత్తిన ప్రతి ఒక్కరి కోసమూ మేము బస్సు ఆపిస్తాం. ఈ ఒక్కసారి కూర్చోండి, సార్.