అమ్మ కాచిన మందు

ఆసుపత్రి రెండో అంతస్తు. వార్డు తలుపు బయట బెంచీ మీద తల్లీ కూతురూ కూర్చున్నారు. లోపల ఆ తల్లి చెల్లెలికి ఆక్సిజన్ పెట్టారు.

"మాట మార్చకు. నేనడిగినదానికి జవాబు చెప్పు."

"టీ తాగుతావా అంటే మాట మార్చడమా అమ్మా? పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు నువ్వు."

"టీ సంగతి తర్వాత. డాక్టరమ్మ ఏమందో విన్నావుగా?"

"చాలా అంది. న్యుమోనియా అంది, రెండు వైపులా పట్టేసిందంది, ఇవాళ గడిస్తే గానీ ఏమీ చెప్పలేనంది..."

"అది కాదు. నన్ను చూసి ఏమంది? 'పోయినేడు మీకూ ఇదే కదమ్మా, నేనిచ్చిన మందు పూర్తిగా వాడారు, తగ్గింది, ఆ మాట మీ చెల్లెలికి చెప్పొద్దా' అంది. నేనెప్పుడు వాడానే ఆవిడ మందు?"

"రోజూ ఎంతమందిని చూస్తుంది ఆవిడ! ఎవర్ని చూసి ఎవరనుకుందో."

"టైలరమ్మగారూ అని పిలిచింది. మా పాప గౌను ఎంత బాగా కుట్టారో అంది. ఎవరనుకుందే మరి? ఆ మందుచీటీ నీ ముందే చింపి పారేశాను. అల్లం, పిప్పళ్ళు, అతిమధురం, తేనె. నా చేత్తో కాచుకున్నాను, పూట తప్పకుండా తాగాను. తగ్గింది. అవునా కాదా?"

"తగ్గింది."

"దేంతో?"

"తగ్గిందిగా అమ్మా. ఇప్పుడు దేంతో, ఎలా అని..."

"దేంతోనే?"

"నీ మందుతోనే. కాకపోతే... దాంట్లో ఇంకోటి కూడా ఉంది."

"ఇంకోటంటే?"

"డాక్టరమ్మ రాసిందే. మళ్ళీ వెళ్ళి రాయించుకొచ్చాను. నువ్వు కప్పులో పోసి చల్లారబెట్టుకునేదానివిగా, అప్పుడు కలిపేదాన్ని."

"నా కప్పులో."

"ఏం చెయ్యమంటావు మరి? నువ్వు ఊపిరి లాగుతుంటే పక్కగదిలోకి వినిపించేది. డాక్టరు మందంటే విషం అంటావు. కాళ్ళు పట్టుకున్నాను. విన్నావా?"

"అందుకని పసిపిల్లకి పాలల్లో కలిపి పోసినట్టు పోశావన్నమాట."

"బతికావు కదా!"

"మీ నాన్నకి తెలుసా?"

"నాన్నకేం తెలుసు, ఆయన..."

"నా మొహం చూసి చెప్పు."

"ఆయనే నిన్ను ముందుగదిలోకి పిలిచేవారు. కుట్టుమిషను శబ్దం తేడాగా ఉంది, ఓసారి వచ్చి చూడు, అని."

"ఓరి నాయనో! అందుకా! మిషనుకి ఏ రోగమూ లేదు, పాపం ఈయనకే చెవులు పోతున్నాయేమో అనుకున్నాను. చెవుల డాక్టరుకి చూపించమని నీకు చెప్పాను కూడా."

"చెప్పావు."

"ఎంత నవ్వుకున్నారే ఇద్దరూ?"

"నవ్వలేదమ్మా. ఒట్టు. ఒక్కసారి మాత్రం... నువ్వు తాగేసి, 'ఈసారి చేదు బాగా తగిలింది, పిప్పళ్ళు అసలైనవి దొరికాయి' అన్నావు. అప్పుడు ఆగలేకపోయాం."

"ఆ పిప్పళ్ళ సంగతి ఊరంతా చెప్పుకున్నానే నేను! జాకెట్టు కొలతలకి వచ్చినవాళ్ళందరికీ చెప్పాను. నా జబ్బు నేనే బాగుచేసుకున్నాను, ఒక్క మాత్ర మింగలేదు అని. మీరిద్దరూ పక్కన నిలబడి తలలూపారు. కట్టుకున్నవాడూ, కన్నకూతురూ. ఇంక ఈ ఇంట్లో ఎవర్ని నమ్మాలో నువ్వే చెప్పు."

"చెబుదామనే అనుకున్నాను."

"ఎప్పుడు? నేను పోయాకా?"

"లేచి తిరుగుతున్నావు. మళ్ళీ మిషను ముందు కూర్చున్నావు. నీ మందు గురించి చెప్పుకుంటుంటే నీ మొహం వెలిగిపోయేది. ఇప్పుడెందుకులే, ఇప్పుడెందుకులే అని..."

"సంతోషంగా ఉందిలే, మోసపోయిందని చెప్పడమెందుకులే అని."

"మోసమంటావేంటమ్మా?"

"ఇంకేమంటారే దీన్ని?"

"ఏవండీ, ఇద్దరూ కాస్త మెల్లిగా మాట్లాడండి. లోపల పేషెంట్లు పడుకున్నారు."

"నర్సమ్మా, మా చెల్లెలికి ఎలా ఉంది?"

"అలాగే ఉన్నారండి. డాక్టరుగారు ఇంకోసారి వచ్చి చూస్తారు."

"అలాగే ఉందట. విన్నావా? అలాగే ఉందట."

"తగ్గుతుందమ్మా. ఇప్పుడు మందు నేరుగా ఎక్కిస్తున్నారుగా."

"పోయిన వారం దగ్గుతో పడుకుందని వాళ్ళింటికెళ్ళి, నా మందు సీసా దాని చేతిలో పెట్టాను. మంచం పక్కన డాక్టరిచ్చిన మాత్రలు కనిపించాయి. ఇవెందుకే, కడుపులో మంట తప్ప, నన్ను చూడు, అన్నాను. నన్ను చూడు అన్నానే! ఏం చూసిందే అది నాలో? నువ్వు కలిపిన దొంగమందుని చూసింది."

"నువ్వు తెలియక చెప్పావు."

"తెలియనిచ్చావా నువ్వు? నాకు తెలిసుంటే ఆ సీసా తీసుకుని వాళ్ళ గుమ్మం తొక్కేదాన్నా? చిన్నప్పట్నుంచీ అంతే అది. నేను గోడ దూకమంటే దూకేది. మోకాలు చీరుకుపోయినా అక్క దూకమంది అనే చెప్పేది. మీ బాబాయి నా మొహం చూడట్లేదు, గమనించావా? నేనొచ్చి కూర్చోగానే లేచి కిందకెళ్ళిపోయాడు."

"బాబాయి ఏదో కంగారులో..."

"కంగారు కాదు, నేనంటే కంపరం. లే, కిందకి పోదాం. ఆయనకి చెప్పేస్తాను. మాత్రలు నేనే ఆపించాను, నీ ఇష్టమొచ్చినట్టు తిట్టు, అంటాను."

"వద్దమ్మా."

"చెప్పాలి. నా మాట పట్టుకునే కదా ఆపేసింది."

"నీ మాట మీద ఆపలేదు."

"మరెవరి మాట మీద?"

"కూర్చో ముందు."

"కూర్చోను. ఎవరి మాట మీద?"

"నువ్వు సీసా ఇచ్చొచ్చిన మర్నాడు పిన్ని నాకు ఫోన్ చేసింది. ఆఫీసులో ఉన్నాను. 'అక్క ముందు అడగలేకపోయాను, నిజం చెప్పవే, నిజంగా అక్కకి దీంతోనే తగ్గిందా? ఈ మాత్రలు ఆపెయ్యొచ్చా?' అంది."

"నిన్నడిగిందా?"

"ఊఁ."

"ఆపకముందే అడిగిందా?"

"ఆపకముందే."

"మరి చెప్పావుగా? కప్పులో కలిపిన సంగతి చెప్పావుగా?"

"పిన్ని నోట్లో మాట దాగదమ్మా. సాయంత్రానికల్లా నీకు తెలిసిపోయేది."

"ఏమన్నావే?"

"అవును పిన్నీ, అమ్మకి దీంతోనే తగ్గింది, అన్నాను."